నీళ్లు ఎక్కువున్న గోల్ఫ్ కోర్సు: దాటించాలా, ముందే ఆపాలా?

ప్రశ్న మహబూబ్‌నగర్ నుంచి వచ్చింది. ఆట మొదలుపెట్టి రెండేండ్లయింది, హ్యాండిక్యాప్ 24 (ఆటగాని స్థాయిని బట్టి రౌండుకు ఇచ్చే అదనపు దెబ్బలు, ఎంత తక్కువుంటే అంత మంచి ఆటగాడు). వచ్చే నెల కంపెనీ టోర్నమెంటు, హైదరాబాదు దగ్గరి ఒక కోర్సులో. సగం హోల్స్‌కు నీళ్లు అడ్డమున్నయి. ప్రాక్టీసు రౌండులో అర డజను బంతులు నీళ్లపాలైనయి. నీళ్లు కనబడ్డప్పుడల్లా దాటించాలా, ముందే ఆపి రెండు దెబ్బల్లో పోవాలా, నీళ్ల అంచున పాతే పసుపు గుంజలకు ఎర్ర గుంజలకు తేడా ఏంది, నీళ్ల దగ్గర పాత బంతి తీసుడు మంచిదేనా అని అడిగిండ్రు.

ముందు జవాబు. పదిసార్లు కొడితే ఏడుసార్లు దాటే దూరమైతే దాటించండి. లేకుంటే ముందే ఆపండి. ఆపేటప్పుడు మాత్రం, మీరు కొట్టగలిగిన అన్నిటికన్నా మంచి దెబ్బ కూడ నీళ్లదాకా పోని క్లబ్బు (గోల్ఫ్ కర్ర) తీయండి. పాత బంతి వద్దు. గుంజల సంగతి కొంచెం పొడుగుంటది, కింద చెప్త.

నా గురించి రెండు ముక్కలు. నల్లగొండలో ఉంట. నీటిపారుదల శాఖలో ఇంజినీరుగ చేసి రిటైరైన. కట్టలు, తూములు, అలుగులు చూసుడే ఉద్యోగం. హైదరాబాదులో పనిచేసిన రోజుల్లో గోల్ఫ్ అంటుకుంది, ఇంక వదల్లేదు. ఇప్పటికీ చీకటితోనే విజయవాడ హైవే ఎక్కి పొద్దు పొడిచేసరికి మొదటి టీ (హోల్ మొదలుపెట్టే చోటు) దగ్గరుంట. హ్యాండిక్యాప్ 13. కోచ్‌ను కాను.

ఏడు అనే అంకె ఎక్కడినుంచి వచ్చిందంటే, మోటు లెక్క చూడండి. పార్ 4 (నాలుగు దెబ్బల్లో ముగించాల్సిన హోల్), మీ రెండో దెబ్బకు గ్రీన్ (జెండా, గుంత ఉండే పొట్టి గడ్డి జాగా) ముందు నీళ్లున్నయి. దాటితే ఆ దెబ్బ ఒకటి, తర్వాత ఒక చిప్ (గ్రీన్ పక్కనుంచి చిన్న దెబ్బ), రెండు పట్‌లు (గ్రీన్ మీద దొర్లించే దెబ్బలు), మొత్తం నాలుగు. నీళ్లల్ల పడితే దెబ్బ ఒకటి, పెనాల్టీ ఒకటి, డ్రాప్ చేసినంక (బంతిని చేత్తో కింద వదిలినంక) మల్ల నాలుగు, మొత్తం ఆరు. ముందే ఆపితే దెబ్బ ఒకటి, తర్వాత నాలుగు, మొత్తం ఐదు. అంటే సగం సార్లు దాటేటోనికి రెండు దార్లూ ఒకటే. పదికి ఏడు దాటితే సగటు 4.6, దాటించుడే లాభం. పదికి మూడే దాటితే 5.4, ఆపుడే లాభం.

మరి ఐదు దాటితే సరిపోవాలె కదా, ఏడు దేనికి అంటరు. కాగితం మీద సరిపోతది. కానీ నేను వేసిన లెక్కలో ఒక అబద్ధం ఉంది: మొదటి బంతి పడ్డంక రెండో బంతి మామూలుగనే కొడ్తమని అనుకున్న. ఎవరూ కొట్టరు. డ్రాప్ చేసిన చోటు వాలు ఉంటది, గడ్డి తడిగ ఉంటది, వెనకాల నలుగురు నిలబడి చూస్తుంటరు, చేతిలో ఇంకా మొదటి దెబ్బ కోపమే ఉంటది. అమెరికాలో ఆగస్టా కోర్సు మీద ఆడే పెద్ద టోర్నమెంటు మాస్టర్స్, 2016లో దాని చివరి రోజు గుర్తుందా? జోర్డన్ స్పీత్ అంతకుముందు ఏడాది గెలిచినోడు, తొమ్మిది హోల్స్ అయ్యేసరికి ఐదు స్ట్రోకుల (దెబ్బల) ముందున్నడు. ఆగస్టా 12వ హోల్ 155 గజాల పార్ 3, గ్రీన్ ముందర రేస్ క్రీక్ అనే చిన్న వాగు. మొదటి బంతి ఒడ్డుకు తగిలి వెనక్కి జారి నీళ్లల్ల పడ్డది. సరే, అది ఎవరికైనా అయితది. డ్రాప్ చేసి వెడ్జ్‌తో (దగ్గరి దెబ్బలకు వాడే క్లబ్బు) కొట్టిన రెండోది బంతికన్నా ముందు నేలను తవ్వింది, గ్రీన్‌కు చానా ఇవతలే నీళ్లల్ల మునిగింది. ఆ ఒక్క హోల్ మీద 7. టోర్నమెంటు డానీ విల్లెట్ గెలిచిండు. స్పీత్‌కే అట్లయితే 24 హ్యాండిక్యాపోనికి రెండో బంతి ఎంత కష్టమో చూడండి. పైన కలిపిన రెండు సార్లు ఆ రెండో బంతి కోసమే.

ఇప్పుడు అసలు విషయం. మీరు బంతులు పోగొట్టుకునేది ధైర్యం ఎక్కువై కాదు, దూరం తెల్వక.

"మీ 7 ఐరన్ (నడిమి దూరానికి వాడే క్లబ్బు) ఎంత పోతది?" అని అడిగితే ప్రతి ఒక్కరు ఒక అంకె చెప్తరు. 150 అంటరు. అది బంతి ఆగిన చోటు. గాలిలో పోయింది 135 ఉంటది, మిగిలింది ఎండకు గట్టిపడ్డ ఫెయిర్‌వే (టీకి గ్రీన్‌కు నడుమ కోసిన గడ్డి దారి) మీద దొర్లింది. నీళ్ల మీద బంతి దొర్లదు. దాటాలంటే క్యారీ ఒక్కటే లెక్క, అంటే కొట్టిన చోటి నుంచి బంతి మొదట నేల తాకిన చోటుదాకా. అది కూడ మీ మామూలు దెబ్బది, పోయిన ఆదివారం దేవుడు కరుణించి పడ్డ దెబ్బది కాదు.

ఆపేటప్పుడు ఈ లెక్క తిరగబడుతది. అప్పుడు క్యారీతో పనిలేదు, దొర్లిన దూరం కూడ కలపాలె. మామూలు దెబ్బతో పనిలేదు, మంచి దెబ్బ లెక్కలోకి రావాలె. నీళ్లు 175 గజాల దగ్గర మొదలైతయి, నా హైబ్రిడ్ (7 ఐరన్‌కన్నా దూరం కొట్టే క్లబ్బు) 165 పోతది, ఇంకా పది మిగిలింది అనుకొని కొడ్తరు. ఆ రోజే బంతి క్లబ్బు నడుమ తగిలి, గట్టి నేల మీద రెండు దూకులు దూకి నీళ్లల్ల పోతది. ఆపుదామని కొట్టి నీళ్లల్ల వేసుడంత బాధ గోల్ఫ్‌లో ఇంకోటి లేదు. దాటించబోయి పడితే కనీసం ప్రయత్నం చేసిన అనే తృప్తన్న ఉంటది. అందుకే ఆపాలనుకుంటే బాగ ముందు ఆపండి. 7 ఐరన్ తీయండి. పది గజాలు ముందుకు పోయి మీరు సాధించేది ఏమీ లేదు.

మిర్యాలగూడలో నా దోస్తు ఒకాయన ఉన్నడు, రైసు మిల్లు ఆయనది. మీ అసొంటి హ్యాండిక్యాపే. ఒక పార్ 5 మీద మూడో దెబ్బకు నీళ్లు అడ్డమొస్తయి. ఆయన ప్రతిసారి 3 వుడ్ (ఇంకా దూరం కొట్టే క్లబ్బు) తీస్తడు. ఎందుకంటే ఒకప్పుడు ఒక్కసారి దాటింది. ఆ ఒక్కసారి ఆయన మనసులో కూర్చుంది, పడ్డయి ఎన్నో ఆయనకు గుర్తులేదు. నేనొకసారి స్కోరు కార్డు వెనకాల రాయమన్న: దాటితే గీత, పడితే సున్నా. కొన్ని నెలలయినంక ఆయనే నాకు చూపించిండు, గీతలకన్నా సున్నాలే ఎక్కువ. ఇప్పుడు ఆ హోల్ మీద 7 ఐరన్, ఆ తర్వాత వెడ్జ్. బస్తాలు తూకమేసి కొనే మనిషికి ఇక్కడ తూకం ఎందుకు గుర్తురాలేదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మీరు కూడ కార్డు వెనకాల ఆ పని చేయండి. నెల రోజుల్లోనే పదికి ఎన్నో తెలుస్తది.

క్యారీ ఎట్ల కొలవాలె? డ్రైవింగ్ రేంజిలో బంతులు అరిగి ఉంటయి, అక్కడ వచ్చిన దూరాన్ని పూర్తిగ నమ్మొద్దు. లాంచ్ మానిటర్ (బంతి దూరం కొలిచే మిషన్) ఉన్న చోట గంటసేపు కొడితే మంచిది, మీ సొంత బంతులతో. అది కుదరకుంటే మా జిల్లా పద్ధతి ఒకటుంది. వానాకాలం వరి కోసినంక, పదును ఆరని మడి. యజమానిని అడిగి, మనుషులు, గొడ్లు, మేకలు లేవని చూసుకొని, ఒడ్డు మీది నుంచి 7 ఐరన్‌తో ఇరవై బంతులు కొట్టండి. మెత్తటి నేలలో బంతి పడ్డకాడనే దిగబడ్తది, దొర్లదు. ఇంతకన్నా నిజమైన క్యారీ ఎక్కడా రాదు. అన్నిటికన్నా దూరం పోయిన నాలుగు, అన్నిటికన్నా దగ్గర పడ్డ నాలుగు తీసేసి, మిగిలిన వాటి నడుమకు అంగలు లెక్కపెట్టండి. అదే మీ అంకె. ఎండకాలం ఎండిన చెరువు దిగి కొడ్తమనుకుంటరు కొందరు, జాగా ఉంటది గనుక. నల్లరేగడిలో నెర్రెలు ఇచ్చి ఉంటయి, బంతి అందులో పడిందంటే దొరకదు. నీళ్లు లేని చెరువులో కూడ బంతి పోగొట్టుకున్నోళ్లను చూసిన.

ఇంకొకటి, కంటిని నమ్మకండి. ఉద్యోగంలో చానామందిని కట్ట మీద నిలబెట్టి అవతలి ఒడ్డు ఎంతుంటదని అడిగిన. పానగల్లు ఉదయసముద్రం చెరువు మీదనైనా సరే, చిన్న కుంట మీదనైనా సరే, దాదాపు అందరూ తక్కువే చెప్తరు. నడుమ చెట్టు లేదు, గట్టు లేదు, కంటికి ఆనుకునే గుర్తు లేకుంటే దూరం చిన్నగ కనబడ్తది. గోల్ఫ్ కోర్సులో కూడ అదే. నీళ్ల మీదుగ చూసిన జెండా ఉన్నదానికన్నా దగ్గర కనబడ్తది, మీరు ఒక క్లబ్బు తక్కువ (తక్కువ దూరం పోయేది) తీస్తరు, ఒడ్డు ముందు పడ్తది. లేజర్ ఉంటే వాడండి. 2019 నుంచి రూల్స్ ప్రకారం దూరం కొలిచే పరికరాలు వాడొచ్చు, టోర్నమెంటు కమిటీ ప్రత్యేకంగ వద్దంటే తప్ప. స్లోప్ (ఎత్తుపల్లం) చూపించే సౌకర్యం మాత్రం ఆపి పెట్టుకోవాలె. లేజర్‌ను నీళ్ల మీదికి గురిపెడితే అంకె సరిగ రాదు, అవతలి ఒడ్డు మీది చెట్టుకో, బంకర్ (ఇసుక గుంత) అంచుకో పెట్టండి.

కాడీని (సంచి మోసేటాయనను) అడిగేటప్పుడు కూడ ప్రశ్న మార్చండి. "ఫ్లాగ్ కిత్నా?" అని కాదు, "పానీ పార్ కిత్నా?" అని. జెండా 152 ఉండొచ్చు, నీళ్లు దాటేందుకు 134 చాలు కావచ్చు, గ్రీన్ వెనక అంచు 165 ఉండొచ్చు. ఈ మూడు అంకెలు చేతిలో ఉంటే భయం సగం పోతది. 134 దాటాలె, 165 దాటొద్దు, అంటే నాకు 150 దగ్గర కొట్టే క్లబ్బు కావాలె. జెండా ఎక్కడున్నా సరే. గ్రీన్ ముందు నీళ్లుండి జెండా ముందు అంచున పెట్టినరంటే అది మీకోసం పెట్టిన ఎర. నడుమకు కొట్టండి, పొడుగు పట్ తీసుకోండి. మన స్థాయిలో దెబ్బ తప్పితే ఎక్కువ సార్లు తక్కువే పడ్తది, ఎక్కువ పోదు.

నీళ్లు బంతిని గుంజుకుంటయని కొందరు పెద్దమనుషులు కూడ నమ్ముతరు. తేమ గాలి బరువెక్కి బంతిని ఆపుతదంట. నిజానికి తేమ ఉన్న గాలి పొడి గాలికన్నా కొంచెం తేలిక. గుంజేది నీళ్లు కాదు, మన చేతులు. దాటించాలె అనే ఆత్రంలో బరువు వెనక కాలు మీదనే ఉండిపోతది, బంతిని కిందినుంచి లేపబోతం, క్లబ్బు నేలకు తగిలి బంతి నెత్తికి తగుల్తది. బంతిని లేపే పని క్లబ్బు ముఖం వాలుది, మీది కాదు. ఒక క్లబ్బు ఎక్కువ తీసుకొని ముప్పావు ఊపుతో కొట్టండి, దెబ్బ అయిపోయినంక ముందు కాలు మీద నిలబడి ఉన్ననా లేనా అని ఒక్కటే చూసుకోండి.

గాలి. మీ టోర్నమెంటు వానాకాలంలో అయితే దీన్ని తేలికగ తీసుకోవద్దు. ఆషాఢం గాలి పాలమూరులో ఎట్లుంటదో మీకు నేను చెప్పాల్నా! గోల్ఫర్లు వాడే మోటు లెక్క: గంటకు పదహారు కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే దూరం పదో వంతు తగ్గుతది. అంటే 150 దాటాలంటే 167 కొట్టే క్లబ్బు. అదే గాలి వెనకనుంచి వస్తే లాభం అందులో సగమే. కాబట్టి ఎదురుగాలి ఉన్నప్పుడు నీళ్లను లెక్కలో పెంచండి, వెనక గాలి ఉన్నప్పుడు దాని మీద ఆశ పెట్టుకోకండి. కుదిరితే పొద్దుటి టీ టైం అడగండి.

గురి ఎక్కడ పెట్టాలె అనేది నేలను చూస్తే తెలుస్తది. నీరు పల్లమెరుగు అన్నరు. కోర్సు కట్టేటప్పుడు వాన నీళ్లన్నీ చేరే లోతట్టులోనే కుంట తవ్వుతరు, గడ్డికి పెట్టే నీళ్లు కూడ చానా చోట్ల అక్కడినుంచే తోడ్తరు. అంటే చుట్టూ నేల అటే వాలి ఉంటది. కంటికి చదునుగ కనబడ్డా బంతి అటే దొర్లుతది. నీళ్ల పక్కన ఫెయిర్‌వే ఉంటే నడుమకు గురిపెట్టకండి, అవతలి పావుకు పెట్టండి. ఒడ్డు మీద గడ్డి పొట్టిగ కోసి ఉంటే ఇంకా జాగ్రత్త, అక్కడ బంతి ఆగదు. ఒడ్డున గరిక కొంచెం పెరగనిచ్చిన కోర్సులు మన అసొంటోళ్లకు దయ చూపిస్తయి.

నీళ్లు ఏటవాలుగ, ఫెయిర్‌వే పొడుగునా అడ్డం పోయే హోల్స్ ఉంటయి. అక్కడ దాటించుడు, ఆపుడు అనే రెండు దార్లే కాదు. ఎడమకు కొడితే 180 దాటాలె, కుడికి కొడితే 130 చాలు అన్నట్టుంటది. మీకు పదికి ఏడు ఎక్కడ వస్తదో ఆ గీత మీద దాటండి. గ్రీన్ అక్కడినుంచి ఇంకో ముప్పై గజాలు దూరమైతది, కానియ్యండి.

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటినంక బోడి మల్లన్న అని సామెత. దాటిన బంతి గ్రీన్ వెనక్కి పోయిందనుకోండి, అందరూ ఊపిరి పీల్చుకుంటరు, ఆ ఊపిరిలోనే చిప్ కొడ్తరు. కానీ ఇప్పుడు నీళ్లు ఎదురుగ ఉన్నయి, గ్రీన్ వాలు అటే ఉంది. చిప్ కొంచెం గట్టిగ తగిలితే దాటిన నీళ్లల్లనే మల్ల పడ్తది. గ్రీన్ బయట ఉన్నా సరే, గడ్డి పొట్టిగ ఉంటే పటర్ (పట్ కొట్టే క్లబ్బు) తీయండి.

ఇప్పుడు గుంజలు. 2019లో రూల్స్ మారినయి. అంతకుముందు వాటర్ హజార్డ్ అనేటోళ్లు, ఇప్పుడు పెనాల్టీ ఏరియా. ఎండకాలం నీళ్లు ఇంకిపోయినా అది పెనాల్టీ ఏరియానే, ఎండిన చెరువు శిఖం శిఖమే అయినట్టు. బంతి కనబడి కొట్టేటట్టుంటే పెనాల్టీ లేకుండ అక్కడినుంచే కొట్టొచ్చు. 2019 నుంచి అందులో క్లబ్బు నేలకు ఆనించొచ్చు, ఎండుటాకులు తీసేయొచ్చు. బంతి సగంకన్నా ఎక్కువ నీళ్లల్ల మునిగి ఉంటే మాత్రం ఆ వీరత్వం వద్దు.

పసుపు గుంజలైతే, ఒక పెనాల్టీ స్ట్రోకుతో మీకు రెండు దార్లున్నయి. ఒకటి, ఇంతకుముందు కొట్టిన చోటికే పోయి మల్ల కొట్టుడు. రెండు, బంతి పెనాల్టీ ఏరియా అంచును చివరిసారి దాటిన చోటు, జెండా, ఈ రెండిటినీ కలుపుతూ గీత గీసి, ఆ గీత మీద వెనక్కి ఎంత దూరమైనా పోయి డ్రాప్ చేసుడు. రెండిట్లోనూ నీళ్లు మల్ల మీ ముందే ఉంటయి, తప్పించుకునే దారి లేదు.

ఎర్ర గుంజలైతే ఈ రెండిటితోపాటు మూడోది: బంతి అంచు దాటిన చోటి నుంచి రెండు క్లబ్బుల పొడుగు లోపల, జెండాకు దగ్గర కాకుండ, పక్కకు డ్రాప్ చేసుకోవచ్చు. పటర్ కాకుండ మీ సంచిలో అన్నిటికన్నా పొడుగు క్లబ్బుతో కొలవాలె, అంటే మామూలుగ డ్రైవర్‌తో. డ్రాప్ మోకాలి ఎత్తు నుంచి, భుజం ఎత్తు నుంచి కాదు.

కొట్లాట ఎక్కడొస్తదంటే, "దాటిన చోటు" దగ్గర. బంతి బుడుంగుమన్న చోటు కాదు అది, గుంజల గీతను దాటిన చోటు. డ్రైవ్ (టీ మీది నుంచి కొట్టే పొడుగు దెబ్బ) ఎడమకు తిరిగి 200 దగ్గర నీళ్లల్ల పడింది కానీ గీతను 120 దగ్గరనే దాటిందనుకోండి, డ్రాప్ 120 దగ్గరనే. చానామంది చప్పుడు వినబడ్డ చోటికి నడుచుకుంట పోయి అక్కడ డ్రాప్ చేస్తరు. దోస్తుల ఆటలో ఎవరూ ఏమనరు, టోర్నమెంటులో తప్పు చోటు నుంచి ఆడినట్టయితది.

ఇంకోటి, బంతి నీళ్లల్లనే పడ్డదని ఖాయంగ తెలిసి ఉండాలె. రూల్స్ వివరణలో 95 శాతం నమ్మకం అని ఉంది. పక్కన గుబురు గడ్డి ఉండి ఎవరూ చూడకుంటే, "నీళ్లల్లనే పోయుంటది" అని డ్రాప్ చేసుకునే వీలు లేదు, అది పోయిన బంతి. మూడు నిమిషాలు వెతకాలె, దొరకకుంటే వెనక్కి. అటువంటి అనుమానం ఉంటే టీ మీదనే ప్రొవిజనల్ బంతి (మొదటిది దొరకకుంటే ఆడే బంతి) కొట్టి పోండి. కానీ నీళ్లు తప్ప ఇంకో చోటికి పోయే అవకాశమే లేకుంటే ప్రొవిజనల్ కుదరదు, రెండోది కొట్టినరంటే అదే మీ ఆట బంతి అయిపోతది.

వెనక్కి పోయి డ్రాప్ చేసే హక్కును మనోళ్లు సరిగ వాడుకోరు. నీళ్ల అంచుననే, 55 గజాల దగ్గర డ్రాప్ చేసి, సగం ఊపుతో గిలగిల కొట్టుకుంటరు. మీకు పిచింగ్ వెడ్జ్ నిండు ఊపుతో 95 పోతే గీత మీద 95కు పోండి. అడిగేటోడు లేడు. నేల చదునుగ ఉందా చూడండి, గడ్డి ఎట్లుందో చూడండి, అక్కడ డ్రాప్ చేయండి. ఈ దెబ్బను ముందే ప్రాక్టీసు చేసి పెట్టుకోవాలె. వచ్చే నెలలోపు మీకు ప్రాక్టీసుకు టైం తక్కువుంటే డ్రైవర్‌ను పక్కన పెట్టి ఈ ఒక్క వెడ్జ్ దెబ్బ కొట్టండి, పోయే స్ట్రోకులు ఎక్కువ ఇక్కడనే ఆగుతయి.

ఆట పద్ధతి ఏందో ముందు కనుక్కోండి. కంపెనీ టోర్నమెంట్లు ఎక్కువగ స్టేబుల్‌ఫర్డ్ (హోల్ హోల్‌కు పాయింట్లు వచ్చే ఆట) గానీ స్క్రాంబుల్ (జట్టులో అందరూ కొట్టి, మంచిగ పడ్డ బంతి చోటు నుంచే తర్వాతి దెబ్బ కొట్టే ఆట) గానీ పెడ్తరు. స్టేబుల్‌ఫర్డ్ అయితే మీకు ఇంచుమించు ప్రతి హోల్ మీద ఒక స్ట్రోకు వస్తది, కష్టమైన ఆరు హోల్స్ మీద రెండు. అంటే ఇండెక్స్ 4 ఉన్న (కష్టంలో నాలుగోదైన) పార్ 4 మీద మీరు 6 కొట్టినా, ఆ రెండు తీసేస్తే నెట్ పార్, రెండు పాయింట్లు. నీళ్లు ముందున్న ఆ హోల్ మీద మీకు నాలుగు ఎవరూ అడుగుతలేరు! ముందు ఆపి, దాటించి, రెండు పట్‌లు వేసినా ఇంకా ఒక స్ట్రోకు మిగుల్తది. ఇది తెల్వకనే 24 హ్యాండిక్యాపోళ్లు స్క్రాచ్ (హ్యాండిక్యాప్ సున్నా ఉన్న) ఆటగాని ఆట ఆడబోయి మునుగుతరు. బంతులు రెండు పడ్డయి, పాయింటు ఇంక రాదు అని తెలిస్తే బంతి జేబులో వేసుకొని తర్వాతి హోల్‌కు నడవండి. 2005లో ప్లేయర్స్ చాంపియన్‌షిప్‌లో బాబ్ ట్వే అనే పెద్ద ఆటగాడు సాగ్రాస్ కోర్సు 17వ హోల్ మీద, 137 గజాల పార్ 3 మీద, నాలుగు బంతులు నీళ్లల్ల వేసి 12 కొట్టిండు. ఆయనకు జేబులో వేసుకునే వీలు లేదు, మీకుంది.

స్క్రాంబుల్ అయితే వరస ముఖ్యం. నలుగురిలో నికరంగ కొట్టేటోడు ముందు కొట్టి ఒక బంతిని అవతలి ఒడ్డున పెట్టాలె. అప్పుడు మిగిలినోళ్లు ఎంత తెగించినా పోయేది బంతి ధరే. పొడుగు కొట్టేటోడే ముందు కొడ్తనని దూకుతడు, ఆపండి.

పాత బంతి సంగతి. రూల్స్ ఒప్పుకుంటయి, ప్రతి హోల్ వేరే బంతితో మొదలుపెట్టొచ్చు. నేను వద్దనేది రెండు కారణాలకు. ఒకటి, సంచిలోంచి పాత బంతి తీసినరంటే అది పడ్తదని మీకు మీరే చెప్పుకున్నట్టు. రెండోది ఇంకా గట్టిది: ఆ పాతవి ఎక్కువ భాగం కుంటలోంచి తీసి అమ్మినవే. ఎన్ని నెలలు నీళ్లల్ల నానినయో ఎవరికీ తెల్వదు, నానిన బంతి దూరం తగ్గొచ్చు. దూరం తగ్గే బంతిని సరిగ్గ దూరం కావాల్సిన చోట వాడ్తమా? గోల్ఫ్ బంతి తేలుతదని ఆశపడేటోళ్లు కూడ ఉన్నరు. బరువు 45.93 గ్రాములకు మించొద్దు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గొద్దు అని రూలు. ఆ అంచుల మీద ఉన్న బంతిని లెక్క కట్టి చూడండి, ఘన సెంటీమీటరుకు 1.13 గ్రాములు వస్తది. నీళ్లకన్నా బరువు, మునుగుడు ఖాయం. మధ్య రకం ధరలో ఒకే రకం టూ పీస్ (రెండు పొరల) బంతులు డజను కొనండి, ప్రాక్టీసు నుంచి టోర్నమెంటుదాకా అవే వాడండి.

ఉద్యోగరీత్యా ఒక్క మాట గట్టిగ చెప్పాల్సి ఉంది. బంతి కోసం కుంటలోకి దిగకండి. గోల్ఫ్ కోర్సు కుంటలకు చానా చోట్ల అడుగున ప్లాస్టిక్ షీటు పరుస్తరు, నీళ్లు ఇంకిపోకుండ. దాని మీద పాకుడు పట్టి ఉంటది. చెరువులో దిగినట్టు మెల్లగ లోతు కాదు, రెండు అడుగులు వేస్తే జారి నడుములోతుకు పోతరు, ఈత వచ్చినోడు కూడ ఆ వాలు మీద పట్టు దొరకక పైకి రాలేడు. నీళ్లు కూడ చానా కోర్సుల్లో శుద్ధి చేసిన మురుగు నీళ్లే, ఆ చేత్తో నోరు తుడుచుకోకండి. అంచున ఉన్న బంతికి పొడుగు కర్ర రిట్రీవర్ దొరుకుతది, అది కొనుక్కోండి.

పాములు కూడ ఉంటయి. ఎక్కువగ నీరుకట్టెలే, విషం లేదు, కానీ ఒడ్డు గడ్డిలో రక్తపింజర ఉండొచ్చు. బంతి పక్కన పాము కనబడితే దాన్ని తరుముడు అవసరం లేదు, ప్రమాదకరమైన జంతువు ఉన్నప్పుడు పెనాల్టీ లేకుండ రిలీఫ్ తీసుకోవచ్చని (బంతిని వేరే చోట డ్రాప్ చేయొచ్చని) రూలే ఉంది. బంతి పెనాల్టీ ఏరియా లోపల ఉంటే ఆ ఉచిత రిలీఫ్ కూడ లోపలనే తీసుకోవాలె, బయటికి రావాలంటే ఒక స్ట్రోకు కట్టాలె.

కోర్సు పేరు మీరు చెప్పలేదు. స్కోరు కార్డులో హోల్స్ బొమ్మలుంటే నీళ్లున్నవాటి ఫొటోలు ఇక్కడ పెట్టండి, ఒక్కో హోల్‌కు ఎక్కడ ఆపాలె, ఎక్కడ దాటాలె చూసి చెప్త. దాంతోపాటు మీ 7 ఐరన్, హైబ్రిడ్, డ్రైవర్ క్యారీలు రాయండి. వరి మడిలో కొలిచినవి రాయండి, గుర్తున్నవి కాదు.